కుడి మణికట్టు తాడు

చెయ్యి విరగ్గొడతామని రాశారు. ఏ చెయ్యో కూడా రాశారు, కుడిచెయ్యట. రబ్బరక్క ఆ ముక్క చదివి, ఎడంచేతిలో ఉన్న పెన్ను చెవి మీద దోపుకుని, “ఏడిచినట్టే ఉంది” అంది. పుట్టినప్పట్నుంచీ ఆమెది ఎడంచేతివాటం. బొమ్మలేసేదీ, గిన్నెలు తోమేదీ, ఒళ్ళు మండితే బల్ల మీద చరిచేదీ ఆ చెయ్యే. ఇంత పగబట్టి, ఇంత పరిశోధన చేసి, ఆమె ఏ బస్సెక్కుతుందో కూడా కనిపెట్టిన మహానుభావులకి ఆ మాత్రం తెలియలేదు మరి.

ఇంతకీ ఆవిడ చేసిన ఘోరం ఏమిటయ్యా అంటే, ఒక కార్టూను బొమ్మ చేతికున్న తాడు ఎడం మణికట్టు మీంచి కుడి మణికట్టుకి మారింది. అంతే.

రబ్బరక్క అసలు పేరు అది కాదు. కాగితాల మీద పని చేసే రోజుల్లో, బొమ్మ వేసేదానికన్నా చెరిపేది ఎక్కువని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఇప్పుడు కాగితమూ లేదు, రబ్బరూ లేదు, తెర మీదే గీయడం, తెర మీదే చెరపడం. పేరు మాత్రం అతుక్కుపోయింది. ఆమె పని స్టోరీబోర్డు. అంటే రచయిత రాసిన కథని అందరికన్నా ముందు గళ్ళుగళ్ళుగా బొమ్మల్లో వేసి పెట్టడం. ఎవరెక్కడ నిలబడాలి, ఎటు చూడాలి, తలుపు ఎంత సేపటికి తెరుచుకోవాలి, అన్నీ ఆ గళ్ళలోనే తేలిపోతాయి. తర్వాత రంగులేసేవాళ్ళు, కదిలించేవాళ్ళు, మాటలు చెప్పేవాళ్ళు వస్తారు. ఇన్నాళ్ళూ ఆమె పేరు టైటిల్స్‌లో ఏ పదిమంది మధ్యనో, కంటికి ఆనకుండా పరిగెత్తేది. ఈ “ఆకాశం రిపేరు షాపు”లోనే మొట్టమొదటిసారి వచ్చే శనివారం, ఆఖరి భాగానికి, తెర నడిమధ్యన ఒక్క పేరుగా రాబోతోంది. ఆఖరి భాగం గళ్ళన్నీ ఆమె ఒక్కతే వేసింది. చివరి సీను ఆలోచన కూడా ఆమెదే.

మబ్బుల మీద ఒక ఊరు, ఆ ఊళ్ళో ముగ్గురు పనివాళ్ళు. చిలుము అనే అమ్మాయి మెకానిక్కు. మెరుపు తెప్ప నడుపుతాడు, ముక్కు మీద కోపం. తుంపర సామాన్లు చూసుకుంటాడు, మెత్తటివాడు. చిరిగిన మబ్బులకి అతుకులేస్తారు, మాడిపోయిన నక్షత్రాలు మారుస్తారు. ఇందులో ప్రేమలూ పెళ్ళిళ్ళూ ఎక్కడున్నాయని అడక్కండి. ఎక్కడా లేవు. అయినా చూసేవాళ్ళు రెండు ముఠాలైపోయారు. చిలుముని మెరుపుకిచ్చి చెయ్యాలని ఒక ముఠా, తుంపరకిచ్చి చెయ్యాలని ఇంకో ముఠా. కన్నవాళ్ళకి కూడా ఉండదు అంత పట్టింపు.

చిలుము పైకెక్కేటప్పుడు ఆమె మణికట్టుకి తాడు కట్టి, రెండో కొస కింద ఎవరో ఒకరు పట్టుకుంటారు. మెరుపు కడితే ఎడంచేతికి, తుంపర కడితే కుడిచేతికి. మొదట్లో ఎక్కడో, నవ్వు కోసం రచయిత రాసిన ముక్క అది. రాసినవాడే మర్చిపోయాడు. వీళ్ళు మర్చిపోలేదు.

కిందటి శనివారం వచ్చిన భాగంలో చిలుము తుఫానులో తెప్ప అంచున నిలబడి వెనక్కి తిరిగి చూస్తుంది. రబ్బరక్క ఆ షాటు శుభ్రంగానే వేసింది, తాడు ఎడంచేతికే. భోజనాల వేళ డైరెక్టరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. వయసులో చిన్నవాడు, ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకుని పైకొచ్చినవాడు. “అక్కా, ముందు షాటులో తెప్ప కుడివైపు పోతోంది, ఇందులో ఎడంవైపు పోతోంది. వెనక్కి మళ్ళినట్టుంటుంది. తిప్పెయ్యక్కా” అన్నాడు. తిప్పడమంటే బొమ్మని అద్దంలో చూపించినట్టు కుడిఎడమలు మార్చెయ్యడం, ఒక్క మీట నొక్కితే ఐపోతుంది. నొక్కింది. తెప్ప దారిలో పడింది, తాడు మాత్రం కుడిచేతికి పోయింది. షాటు తిప్పినప్పుడల్లా ఇలాంటివి వెతుక్కుని మళ్ళీ వేసుకోవాలి. చొక్కా జేబూ, పాపిడీ, పుట్టుమచ్చా. ఈ పనిలో ఉన్నవాళ్ళలో ఏదో ఒకరోజు ఆ తప్పు చెయ్యనివాళ్ళు లేరు. ఆకలి మీదుంది, మర్చిపోయింది. ఆమె తర్వాత ఆ షాటు చూసినవాళ్ళు కూడా ఎవరూ గమనించలేదు.

గమనించినవాళ్ళు గమనించారు. చిలుము మెరుపు తాడు విప్పేసి తుంపర తాడు కట్టించుకుందట. తుఫానులో వెనక్కి తిరిగి చూసింది తుంపర కోసమేనట. బోర్డు వేసింది ఎవరని టైటిల్స్ ఆపి ఆపి చదివారు. ఆమె ఎప్పుడో నెట్లో పెట్టిన ఫొటోలో బల్ల మీద తుంపర బొమ్మున్న టీకప్పు కనిపించింది. ఇంకేం కావాలి, సాక్ష్యం దొరికిపోయింది. ఆ కప్పులు ఆఫీసులో అందరికీ పంచినవి. రబ్బరక్క వెళ్ళేసరికి మెరుపు కప్పులు ఐపోయాయి.

*

సోమవారం రోజంతా తిట్లు చదివింది. మంగళవారం పొద్దున కూర్చుని, అసలు బొమ్మా తిప్పిన బొమ్మా పక్కపక్కన పెట్టి, ఇది పొరపాటు నాయనా, తెప్ప దిక్కు కోసం తిప్పాం, తాడు మార్చడం మర్చిపోయాం, అని నాలుగు ముక్కలు రాసి పెట్టింది. నిజం చెప్తే సరిపోతుందనుకుంది, పిచ్చిది.

టీ తాగి వచ్చేసరికి కాకిగోల. మెరుపు ముఠావాళ్ళు, పట్టుబడేసరికి కథలల్లుతోంది అన్నారు. తుంపర ముఠావాళ్ళకి ఇంకా మండింది. నిన్నటిదాకా నువ్వు దేవతవన్నాం, ఇప్పుడు మా ప్రేమని పొరపాటంటావా అన్నారు. వాళ్ళలో ఒకడు, వేసిన నీకే తెలియదు నీ చెయ్యి నిజం చెప్పింది అని ఇంత పొడుగు వ్యాసం రాశాడు. ఆమె రాసిన ‘తిప్పాం’ అన్న మాట పట్టుకుని, ఎవరు తిప్పించారు, ఎంత పుచ్చుకున్నారు అని కూపీలు లాగడం మొదలెట్టారు ఇంకొందరు.

రబ్బరక్క డైరెక్టరు గది తలుపు తోసింది. “తిప్పమన్నది నువ్వే కదా, ఆ ఒక్క ముక్కా నువ్వు రాయి. నా ఒక్కదాని మీదే పడి ఏడుస్తున్నారు.”

అతను నీళ్ళు నమిలాడు. “రాయొచ్చక్కా. కానీ డైరెక్టరే రాశాడంటే ఇది సిరీస్ మీదకి వస్తుంది. రెండు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు.”

“రెండు రోజులు తిట్లు తినేది నువ్వా నేనా?”

“నువ్వు చూడకక్కా ఫోను.”

ఇంట్లో మొగుడు కూడా అదే మాట. ఫోను చూడకు. అదేదో వాన పడుతుంటే కిటికీ వెయ్యమన్నట్టు. ఆయనకి సొంత ఫోనులో వాతావరణం తప్ప ఇంకేమీ చూసే అలవాటు లేదు, అందుకని ఆయనతో పోట్లాడీ లాభం లేదు.

*

ఫోను ఆమె చూడకపోతే ఏం, మోగే ఫోను ఇంకోటుంది. అత్తగారు ఇంటి ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. గేటుకి చిన్న బోర్డు, దాని మీద ఆవిడ నంబరు. మిషను దగ్గర అత్తగారిని రబ్బరక్క ఒకసారి ముచ్చటపడి ఫొటో తీసి నెట్లో పెట్టింది, వెనకాల కిటికీలోంచి ఆ బోర్డు కనిపిస్తూనే ఉంది. మంగళవారం సాయంత్రానికి ఆ నంబరు ఊరంతా పాకిపోయింది.

రబ్బరక్క చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఒక కాలు మిషను తొక్కుతూనే ఉంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది, నోట్లో గుండుసూదులు.

“ఎవరూ? మెరుపా? ఏ మెరుపు? గౌనా, చొక్కానా నాయనా, సరిగ్గా చెప్పు... ఆఁ? ఎవరి కోడలు? నా కోడలే, ఐతే?” అని, మిషను ఆపి, సూదులన్నీ నోట్లోంచి తీసి దిండుకి గుచ్చి, అప్పుడు మొదలుపెట్టింది. “ఒరేయ్, నీకు అమ్మా నాన్నా ఉన్నారా? అన్నం తిన్నావా? తిని కూడా ఈ పనేమిట్రా? బొమ్మల పెళ్ళికి నువ్వేమన్నా పెళ్ళికొడుకు బాబువా?”

అవతలివాడు పెట్టేశాడు. పెట్టేలోపే ఇంకో ఫోను.

“కట్టేసెయ్యండత్తయ్యా ఆ ఫోను” అంది రబ్బరక్క.

“కట్టేస్తే గిరాకీ ఎలా వస్తుందే? నాలుగిళ్ళ పరదాలున్నాయి, స్కూలు బట్టలున్నాయి. వీళ్ళ మొహం, నాలుగు తిడితే వాళ్ళే పోతారు.” ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. “ఇంతకీ శనివారం నీ పేరు పెద్దక్షరాల్లో వస్తుందా? ఒక్కదానివేనా, మళ్ళీ ఆ గుంపులోనా?”

“ఒక్కదాన్నే.”

“ఎంతసేపుంటుంది?”

“చదివేంతసేపుంటుంది.”

“నాకు కళ్ళజోడు తుడుచుకునే టైమిమ్మని చెప్పు మీవాళ్ళకి” అని మళ్ళీ మిషను తొక్కింది అత్తగారు.

*

బుధవారం నిర్మాత ఫోనులోనే మీటింగు పెట్టాడు. డైరెక్టరు గదిలో బల్ల మీద స్పీకరు. ఆయన ఎక్కడో కారులో ఉన్నట్టున్నాడు, మధ్యమధ్య హారన్లు.

“చూడమ్మా, జనానికి కోపమొచ్చింది. జనమే మన దేవుళ్ళు. ఆఖరి భాగంలో ఒక్క షాటు పెడదాం. చిలుమూ మెరుపూ చేతులు పట్టుకోవాలి. ఎక్కువ అక్కర్లేదు, దగ్గర్నుంచి చేతులు మాత్రమే. కదలక్కర్లేదు కూడా, బొమ్మ నిలబెట్టి మ్యూజిక్ పెంచేద్దాం. దాని మీదే ముగిద్దాం.”

“దాని మీద ముగిస్తే నా చివరి సీను ఏమవుతుంది సార్?” అంది రబ్బరక్క. “చిలుము ఒక్కతే షాపు షట్టరు ఎత్తే సీను?”

“నిడివి సరిపోదు కదమ్మా. అయినా ఒంటరిగా కూర్చోబెడితే ఇంకా తిడతారు.”

“ఆమె ఒంటరిగా లేదు సార్. షాపుంది.”

అవతల హారన్లు. “అదేమన్నా మనిషా?” అన్నాడు నిర్మాత.

రబ్బరక్కకి నషాళానికంటింది. రెండేళ్ళుగా గీసి చెరిపి, చెరిపి గీసి, ఆ అమ్మాయి స్పానరు ఏ వేలితో తిప్పుతుందో, అలిసిపోతే ఏ కాలి మీద బరువు వేస్తుందో అన్నీ తెలిసిన మనిషి ఆమె. ఎవడో సోఫాలో పడుకుని ‘ఇచ్చి చెయ్యండి’ అంటే ఇచ్చి చేసెయ్యాలా? ఆ మాట పైకే అంది. గట్టిగానే అంది. నిర్మాత చల్లగా, “మీరు వెయ్యకపోతే ఇంకొకరేస్తారమ్మా, శనివారం మాత్రం ఆగదు” అని పెట్టేశాడు.

డైరెక్టరు బల్ల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. “అక్కా, ఇంకో మాట. నీ మంచికే. టైటిల్స్‌లో నీ పేరు తీసేస్తే ఈ తిట్లు ఆగుతాయేమో. మొత్తం టీము పేరు వేద్దాం.”

“నా పేరు జోలికి వచ్చావంటే మర్యాదగా ఉండదు” అంది రబ్బరక్క. “తప్పు చేసినప్పుడు నా పేరు బాగా కనిపించిందిగా వాళ్ళకి? పనిచేసినప్పుడు కూడా కనిపించనీ.”

అతను సరే అన్నట్టు తలూపాడు. పాపం అతనిదీ వణుకే. పెళ్ళాంబిడ్డల ఫొటోలన్నీ నెట్లోంచి అంతకుముందు రోజే తీసేసుకున్నాడని తర్వాత తెలిసింది. తెలిసి ఆమె జాలిపడలేదు. అతను తన ఫొటోలు తీసుకున్నాడు, ఆమె అత్తగారి ఫోను మోగుతూనే ఉంది, రెండూ ఒకటి కావు కదా.

*

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో దీపం లేదు, మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అత్తగారు లేదు. ఫోను చేస్తే ఎత్తదు. రబ్బరక్క సంచీ అక్కడే పడేసింది. గేటు దాకా, సందు చివరిదాకా వెళ్ళి చూసి వచ్చింది. కాసేపటికి అత్తగారు మెడలో కొలతల టేపు వేలాడేసుకుని, గోడ పట్టుకుని పట్టుకుని వస్తూ కనిపించింది.

“ఎక్కడికెళ్ళారు?”

“ఎక్కడికీ లేదే. కొలతలకి.”

“ఎవరింటికి? మీరు కొలతలకి బయటికెప్పుడు వెళ్ళారు?”

అత్తగారు మెట్టు మీద కూలబడి మోకాళ్ళు రాసుకుంది. ఎంత అడిగినా చెప్పలేదు. మంచినీళ్ళు తాగాక మెల్లగా బయటపడింది. పెళ్ళికి బట్టలు కుట్టాలి, ముసలావిడ కదల్లేదు, ఇంటికొచ్చి కొలతలు తీసుకోండని ఎవరో ఆడపిల్ల ఎంతో మర్యాదగా ఫోను చేసిందట. పక్క కాలనీలో పైఅంతస్తు. లిఫ్టు లేదు. పైదాకా ఎక్కితే అక్కడ గోడౌను, తాళం. ఫోను చేస్తే అదే ఆడపిల్ల పడీపడీ నవ్వి, ‘నీ కోడల్ని కూడా ఇలాగే తిప్పుతాం’ అందట.

“నిన్న కూడా ఒకటి ఇలాగే” అంది అత్తగారు, చాలా చిన్న గొంతుతో. “నీకు చెప్తే నువ్వు పేరు తీసెయ్యమంటావని చెప్పలేదు. మీ ఆయనకీ చెప్పలేదు.”

రబ్బరక్కకి ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు ఒళ్ళు మంట వచ్చింది. ఆ ఆడపిల్ల ఎదురుగా ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. తిడదామంటే మొహం లేదు, పేరు లేదు, ఉన్నదల్లా ఫోనులో ఆ నంబరు పక్కన ఒక మెరుపు బొమ్మ. ఆ బొమ్మ కూడా తను గీసిందే.

“శనివారం ఐపోనీ” అంది అత్తగారు, కోడలి తల తన వైపు లాక్కుంటూ. “నీ పేరు పడనీ, అప్పుడు చెప్తా వీళ్ళ సంగతి.”

*

శుక్రవారం ఆ షాటు డైరెక్టరే వేస్తున్నాడు. ఇంకెవరూ ఒప్పుకోలేదో, ఇంకెవర్నీ అడగడానికి అతనికే మొహం చెల్లలేదో. రబ్బరక్క తన బల్ల దగ్గర కూర్చుని, పని లేకపోయినా పాత ఫైళ్ళు సర్దుతూ, అటు చూడకూడదని పట్టుబట్టింది. నీళ్ళ సీసా నింపుకోడానికి అతని వెనకగా వెళ్ళాల్సొచ్చింది. చూసింది.

రెండూ కుడిచేతులే. చిలుము చెయ్యీ కుడిచెయ్యే, మెరుపు చెయ్యీ కుడిచెయ్యే, పక్కపక్కన నడిచే మనుషులు అలా పట్టుకోవాలంటే ఒకళ్ళ భుజం ఊడిరావాలి. బొటనవేలు బయటినుంచి మొలిచింది. వేళ్ళు దొండకాయల్లా నున్నగా ఉన్నాయి. రోజల్లా స్పానరు పట్టిన చేతులా అవి? రబ్బరక్క నీళ్ళ సీసా పట్టుకుని అలాగే నిలబడింది. ఈ దరిద్రం రేపు లక్షలమంది చూస్తారు. చూడనీ, నాకేమిటి, అనుకుంది. రెండడుగులు వేసింది. మళ్ళీ వెనక్కొచ్చింది.

“లే” అంది.

“అక్కా?”

“లేవయ్యా బాబూ, కుర్చీలోంచి లే.”

కూర్చుంది. అతను వేసిందంతా చెరిపేసింది. కాసేపు తన రెండు చేతులే ఒకదాన్నొకటి పట్టించి చూసుకుంది. ఎడంచేతి పెన్ను తెర మీద ఆనింది. చిలుము చెయ్యి ముందు వేసింది, గోళ్ళు కురచగా, చూపుడువేలు పక్కన పాత కోత గుర్తు, తాడు రాసుకుని మణికట్టు దగ్గర గరుకు. తర్వాత మెరుపు చెయ్యి. గట్టిగా పట్టించలేదు. రోజంతా పని చేసినవాళ్ళు గట్టిగా పట్టుకోరు, ఒకళ్ళ చెయ్యి ఇంకొకళ్ళ చేతిలో బరువుగా పడి ఉంటుంది, అంతే. ఒక వేలు నాలుగుసార్లు చెరిపింది. ఆ చేతుల్లో ప్రేమ లేదు, అలుపుంది. ఎవరేమనుకుంటే అనుకోనీ. చేతులు మాత్రం చేతుల్లా ఉన్నాయి.

వెనకాల నిలబడ్డ డైరెక్టరు ఊపిరి వదిలాడు. “అబ్బ, అక్కా... రేపు వాళ్ళు నిన్ను నెత్తిన పెట్టుకుంటారు చూడు.”

రబ్బరక్క పెన్ను బల్ల మీద పెట్టింది. ఆ మాట వినేదాకా ఆమెకి తట్టలేదు. ఇంతవరకూ చెయ్యి విరగ్గొడతామన్న నోళ్ళే రేపు ఆ చేతికి దణ్ణం పెడతాయి. ఆ పక్కనే, తెర నడిమధ్యన, చదివేంతసేపు తన పేరుంటుంది. ముగింపు నీదేనా అంటే, అవునని ఆ పేరు చెప్తుంది. తిట్లకైనా ఎదురు మాట చెప్పింది గానీ, ఆ మెచ్చుకోలుకి ఏం చెప్తుంది?

“నా పేరు తీసెయ్” అంది.

“ఇప్పుడా? మొన్న తీస్తానంటే నన్ను కొట్టినంత పని చేశావు!”

“మొన్న అది నా పని. ఇప్పుడు కాదు.”

“చెయ్యి నువ్వే వేశావు కదక్కా!”

“బాగాలేదని దిద్దాను. వీధిలో ఎవరి పిల్లాడి చొక్కా గుండీ ఊడినా పెడతాం, అంతమాత్రాన వాడు మన పిల్లాడైపోడు. తీసెయ్.”

అతను వాదించబోయి మానేశాడు. ఆమె ఎదురుగానే టైటిల్స్ తెరిచి, ఆ ఒక్క వరసా తీసేశాడు. ఇన్నేళ్ళ పేరు పోవడానికి కూడా ఒక్క మీటే పట్టింది. రబ్బరక్క సంచీ సర్దుకుని బస్సు కోసం బయల్దేరింది. దారి పొడుగునా అత్తగారికి ఎలా చెప్పాలా అని ఆలోచించింది. ఇంటికెళ్ళాక ఆవిడ, రేపటికి కట్టుకోడానికి తీసిపెట్టుకున్న చీరకి అంచు కుట్టుకుంటూ కనిపించింది. టీవీ ముందు కూర్చోడానికి కొత్త చీర! ఇంక చెప్పలేకపోయింది.

*

శనివారం అత్తగారు ముందుగానే వచ్చి టీవీకి ఎదురుగా కుర్చీ వేయించుకుంది. కళ్ళజోడు కొంగుతో రెండుసార్లు తుడుచుకుంది. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, “మధ్యలో లేవకు” అని హెచ్చరించింది. రబ్బరక్క గుమ్మం దగ్గరే నిలబడింది.

కథంతా అయింది. ఆకాశం బాగుపడింది. మ్యూజిక్ పెరిగింది. చేతులు కనిపించాయి, నిలబడ్డాయి, చీకటైంది. పేర్లు మొదలయ్యాయి. అత్తగారు ముందుకి వంగింది. రచయిత పేరొచ్చింది, డైరెక్టరు పేరొచ్చింది, రంగులవాళ్ళు, మాటలవాళ్ళు గుంపులుగా పరిగెత్తారు, ఆఖరికి నిర్మాత పేరొచ్చి, అదీ పోయి, సబ్బు ప్రకటన మొదలైంది.

“ఏదే?” అంది అత్తగారు. “నేను చూసుకోలేదా? ఒరే, నువ్వు చూశావా?”

“రాలేదమ్మా” అన్నాడు కొడుకు, భార్య వైపు చూస్తూ.

“నేనే తీయించేశానత్తయ్యా” అంది రబ్బరక్క. “నా సీను తీసేశారు. ఆ ముగింపు నాది కాదు. నాది కాని దాని కింద నా పేరెందుకని...”

అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. సబ్బు ప్రకటన కేసి చూస్తూ కూర్చుంది. తిట్టినా బావుండును అనిపించింది రబ్బరక్కకి.

“మరి నేనెందుకు పడ్డానే ఇన్ని తిట్లు?” అంది చివరికి. “ఆ మేడ మెట్లెందుకెక్కాను? నీ పేరు కోసమే కదా. తీసేటప్పుడు నాతో ఒక్క మాట అనాలని తోచలేదా నీకు? నువ్వూ నీ నిజాయితీ!”

రబ్బరక్క వారం రోజులుగా ఎవరెవరు తనకి అన్యాయం చేశారో లెక్క పెట్టుకుంటూ తిరిగింది. ఈవిడకి తను చేసింది ఏమిటో ఇప్పుడు కనిపించింది. వచ్చి అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. “తప్పయిపోయిందత్తయ్యా” అంది. అత్తగారు మొహం తిప్పుకుంది.

మిషను మీద ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

“నేనెత్తను” అంది అత్తగారు. “ఎత్తుకో నువ్వే. నీ చుట్టాలు.”

రబ్బరక్క లేచి వెళ్ళి ఎత్తింది. అవతల ఒక కుర్ర గొంతు, ఆనందంతో వణికిపోతోంది. “బొమ్మలేసే మేడమ్ ఉన్నారాండీ? ఆ చేతులు! ఏడ్చేశామండీ మేమంతా. మేం అడిగిందే ఇచ్చారు. చాలా థాంక్సండీ. మొన్న ఏదో కోపంలో అన్నాం...”

“బాబూ, ఒక్క నిమిషం” అంది రబ్బరక్క. “నేనే మాట్లాడుతున్నాను. ఆ చేతుల మీద ముగియదు అది. అసలు ముగింపు వేరే ఉంది. చెప్తాను, వింటావా?”

“ఉందా? చెప్పండి చెప్పండి!”

ఫోను చెవి దగ్గర పెట్టుకునే మిషను పక్కనున్న బల్ల మీద కూర్చుంది. “మర్నాడు పొద్దున చిలుము షాపుకొస్తుంది. ఒక్కతే వస్తుంది. షట్టరు ఎత్తబోతే సగంలో బిగుసుకుపోతుంది. ఊరందరికీ రిపేరు చేసింది కానీ సొంత షట్టరుకి నూనె వేసుకోలేదు. స్టూలు తెచ్చుకుని, ఎక్కి, నూనె వేస్తుంది. అప్పుడు మెల్లగా...”

“మెరుపు ఎప్పుడొస్తాడండీ?”

“రాడు. అతనికి తెప్ప మీద పనుంది.”

“మరి తుంపరా?”

“తుంపరా రాడు. షట్టరు పైకి పోతుంది. వెలుగు లోపలికొస్తుంది. చిలుము నడుం మీద చెయ్యి పెట్టుకుని తన షాపు తనే చూసుకుంటుంది. అప్పుడు గుమ్మం బయట...”

“అంటే ఒక్కతే ఉండిపోతుందా?” కుర్ర గొంతు చప్పబడిపోయింది. “ఇదేం ముగింపండీ? ఛ.” అని పెట్టేశాడు.

రబ్బరక్క ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. టీవీలో సబ్బు నురగ. మొగుడు లేచి దాని నోరు నొక్కేశాడు, ఈ వారంలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే. అత్తగారు ఇంకా అటువైపే తిరిగి ఉంది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“గుమ్మం బయట ఎవరే?” అంది, ఇటు తిరక్కుండానే.

“మబ్బత్తయ్యా. పిల్ల మబ్బు, అంచు చిరిగింది. లోపలికి రావడానికి సిగ్గుపడుతూ నిలబడుతుంది.”

“ఎంత చిరిగింది?”

“జానెడు.”

“జానెడేగా, లోపలికి రమ్మనాలి మరి” అంది అత్తగారు, కుర్చీ కోడలి వైపు తిప్పుకుంటూ. “మొదట్నుంచి చెప్పు. వాడి గోలలో నాకు సరిగ్గా వినబళ్ళేదు.”